చేపలకి శనివారం ఉపవాసం

మా మేడమీద చేపలు ఆరోగ్యంగానే ఉండేవి, వాటి ఆరోగ్యాన్ని ప్రభుత్వం పట్టించుకోవడం మొదలుపెట్టేదాకా. ఆ తర్వాత జరిగినదాంట్లో మా ఆయన తప్పేమీ లేదు. చేపల తప్పు అసలే లేదు. నా తప్పు ఒక్కటే, శనివారం పూట తలుపు కొట్టిన మనిషికి తలుపు తియ్యడం.

నా పేరు మంగతాయారు. మార్కెట్ వీధిలో మాకో కర్రీ పాయింటు ఉంది. పొద్దున్న పప్పు పొయ్యిమీద పడేసింది మొదలు రాత్రి రసం గిన్నె బోర్లించేదాకా, వచ్చినవాళ్ళకి పెట్టడమే నా పని. మా ఆయన పేర్రాజు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన గొంతు గురించి మీకు చెప్పాలి. "ద్రాక్షారం, ద్రాక్షారం! దిగేవాళ్ళు ముందుకి రండి!" అని బస్సులో కేక పెడితే, వెనకాల వచ్చే లారీవాడు కూడా బ్రేకు తొక్కేవాడు. అంతటి గొంతూ రిటైరైన మర్నాటినుంచీ మూగబోయింది. వీధిగుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పోయే బస్సుల్ని చూస్తూ కూర్చునేవారు. కాఫీ ఇస్తే తాగేవారు, ఇవ్వకపోతే అడిగేవారు కాదు. సణిగే మొగుడితో వేగలేకపోతున్నామని నా దగ్గర కూరలు కొనేవాళ్ళు చెప్పుకుంటుంటే, నాకు కడుపు మండిపోయేది. మీకేమర్రా, మీ ఇళ్ళల్లో సణుగుడైనా వినపడుతోంది!

అలాంటి రోజుల్లో మునిసిపాలిటీవాళ్ళు 'ఇంటింటా మత్స్యవనం' అని ఒక పథకం తెచ్చారు. మేడ ఉన్న ప్రతి ఇంటికీ ఒక పెద్ద నీలం తొట్టి, దానిమీద గులకరాళ్ళు పోసిన ట్రే, ఒక చిన్న మోటారు, గాలిబుడగల మిషను, కొన్ని తిలాపియా చేపపిల్లలు ఇచ్చారు. మోటారు తొట్టిలో నీళ్ళు తోడి గులకరాళ్ళలో పోస్తుంది. చేపల రొచ్చు అక్కడ తోటకూరకి ఎరువవుతుంది. శుభ్రపడిన నీళ్ళు మళ్ళీ తొట్టిలోకి దిగుతాయి. మట్టీ అక్కర్లేదు, పేడా అక్కర్లేదు. "చేపల పులుసూ తోటకూర వేపుడూ ఒకే తొట్టిలో కాసే కాలం వచ్చింది!" అని ప్రాజెక్టు డైరెక్టరు దివాకరంగారు మైకులో సెలవిచ్చారు. అందరం చప్పట్లు కొట్టాం.

మొదటి వారం ఆ చేపల్ని నేనే చంపబోయాను. మా ఇంట్లో ప్రాణమున్నదేదీ ఆకలితో ఉండటానికి వీల్లేదు. అది మా అత్తగారినుంచి నాకొచ్చిన జబ్బు. అందుకని కొట్టుకి వెళ్తూ గిన్నెడు పప్పన్నం, కాస్త నెయ్యి కూడా వేసి, మెత్తగా కలిపి తొట్టిలో పోశాను. సాయంత్రానికి నీళ్ళు కుడితిలా అయిపోయి, చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మా ఆయన మేడ ఎక్కి చూశారు.

"ఎవరే వీటికి అన్నవెట్టింది? ఒసేయ్ మంగా! బుద్ధుందా నీకు?" అని అరిచారు.

ఆ కేకకి ఎదురింటి మేడమీద బట్టలు తీసుకుంటున్న ఆవిడ చేతిలో బట్టలు కింద పడేసింది. నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిట్టినందుకు కాదు. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో!

ఆ రోజునుంచి ఆయన మేడమీదే కాపరం పెట్టారు. తొట్టితోపాటు ఇచ్చిన చిన్న పుస్తకాన్ని టిక్కెట్ల పుస్తకంలా జేబులో పెట్టుకు తిరిగేవారు. మేత చిటికెడే వెయ్యాలి, వేసింది చూస్తుండగానే అయిపోవాలి. కుళాయి నీళ్ళు తిన్నగా పొయ్యకూడదు, బిందెల్లో ఒక రోజు ఉంచితే బ్లీచింగు వాసన పోతుంది. గులకరాళ్ళు కడిగెయ్యకూడదు, రొచ్చుని ఎరువు చేసే కంటికి కనపడని జీవాలు వాటికే అంటుకుని ఉంటాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిస్తే అది ఆకలి కాదు, నీళ్ళలో గాలి చాలక ఆయాసం. వారానికోరోజు అసలు మేత వెయ్యకపోతే మరీ మంచిది. ఆయన ఎలాగూ వెంకన్నబాబుకి శనివారం ఉపవాసం ఉంటారు కాబట్టి, చేపలకీ శనివారమే ఖాయం చేశారు.

వాటికి పేర్లు కూడా పెట్టుకున్నారు. అన్నీ ఆయన రూటులో స్టాపులే. కరప, ద్రాక్షారం, రామచంద్రపురం, మండపేట, ఆలమూరు, జొన్నాడ. అన్నిటికంటే లావుపాటిది రావులపాలెం. ఆ సెంటర్లో బస్సులు తిరిగినట్టే, తక్కినవన్నీ దాన్ని చుట్టుకుని తిరగాల్సి వచ్చేది. రోజూ పొద్దున్న చిటికెడు మేత వేస్తూ, "ద్రాక్షారం! మండపేట! రావులపాలెం, రావులపాలెం!" అని కేకలేస్తుంటే, కింద కూరలు తరుక్కుంటూ నేను విని మురిసిపోయేదాన్ని. తొట్టిలో ఉన్నది చేపలే గాని, నాకు తిరిగొచ్చింది మనిషి.

అదిగో, అప్పుడొచ్చాడు శనివారం పూట వార్డు మత్స్యమిత్ర, అంటే ఇంటింటికీ తిరిగి తొట్లు తనిఖీ చేసే మునిసిపాలిటీ మనిషి.

ఆ అబ్బాయి పేరు కుక్కుటేశ్వరరావు. నిన్నమొన్నటిదాకా దోమల విభాగంలో పొగ కొట్టేవాడు. చంపే శాఖనుంచి పెంచే శాఖకి మార్చారని తనే గర్వంగా చెప్పుకున్నాడు. మేడెక్కి తొట్టిలోకి తొంగి చూశాడు. మనిషి నీడ పడితే పైకి రావడం చేపలకి అలవాటు. రామచంద్రపురం వచ్చి నోరు తెరిచి మూసింది.

"మేతేసేరాండీ?" అన్నాడు.

"లేదండి. ఇయ్యాల శనివారం కదండీ," అన్నారు మా ఆయన.

"శనివారవైతే?"

"ఉపాసవండి."

"మీకాండీ?"

"నాకూ, ఆటికీనండి."

కుక్కుటేశ్వరరావు మొహం పాలిపోయింది. వెంటనే దాన్ని ఆఫీసు మొహంగా మార్చుకున్నాడు. "సదరు లబ్ధిదారులు ఉపవాసానికి సమ్మతి తెలిపినట్టు ఆధారవేవన్నా ఉందాండీ?"

"లబ్ధిదారులంటే మేవే కదు బాబూ?" అన్నాను.

"కాదండి. మీరు సంరక్షకులండి. పథకం చేపల సంక్షేమం నిమిత్తం కాబట్టి లబ్ధిదారులు చేపలండి. మీరు ప్రభుత్వ లబ్ధిదారుల నోటికాడ కూడు తీసేసేరండి." ఇలా అంటూ తొట్టి వైపు వేలు చూపించాడు. "అదిగో, చూడండి! నోరు తెరిచి నన్నే అడుగుతోంది!"

రామచంద్రపురం నోరు మూసుకుని కిందికి పోయింది. అది ఇంకాస్త ముందు పోయి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

రెండురోజుల్లో నోటీసొచ్చింది. 'ఆకలికి గురిచేయబడిన జలచర లబ్ధిదారుల విషయమై' అని పైన మొదలైంది. ఆ వెనకాలే దివాకరంగారు, వారి వెనకాల రెండు జీపులూ, ఫోటోగ్రాఫరూ, ఒక ప్లాస్టిక్ బకెట్టూ వచ్చాయి. బకెట్టులో తవుడూ వేరుశనగ చెక్కా కలిపి నిమ్మకాయంత ఉండలు చేసి తెచ్చారు. వాటిని 'పోషక ముద్ద' అనాలట.

"అమ్మా, మా హయాంలో ఒక్క చేప కూడా ఖాళీ కడుపుతో నిద్రించరాదు. ఇది మా సంకల్పం," అన్నారు దివాకరంగారు. మనిషి దొడ్డవారే, మాట కూడా మెత్తన. ఒక ముద్ద తీసి, ఫోటో తీసేదాకా చేతిలో ఉంచి, తొట్టిలో వేశారు. తర్వాత ఆయన కింది అధికారి వేశారు. డైరెక్టరు వేశాక కింది అధికారి వెయ్యకపోతే బాగుండదు కదా! అలా హోదా ప్రకారం దిగుతూ దిగుతూ జీపు డ్రైవరుదాకా వచ్చింది. పేరంటంలో శనగలు పంచినట్టు ఒక్కళ్ళనీ వదల్లేదు. మా ఆయన పుస్తకం తీసి పేజీ చూపించారు.

"చిటికెడే ఎయ్యాలని ఇందులో ఉందండి. ఇది తవరిచ్చిందేనండి."

"మంచి పుస్తకం. నేనే ముందుమాట రాశాను," అన్నారు దివాకరంగారు సంతోషంగా. "అయితే అది సంరక్షకుల అవగాహన నిమిత్తం. మాకు వేరే సర్క్యులర్ ఉంది."

"రెండూ తవరాఫీసులోనే అచ్చయ్యేయి కదండీ?"

"అచ్చు విభాగం వేరు," అని ఆయన మెట్లు దిగారు.

మర్నాడు పొద్దున్నకి చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. మా ఆయన బుడగల మిషను పెంచి, సగం నీళ్ళు మార్చి నానా అవస్థా పడుతుంటే కుక్కుటేశ్వరరావు వచ్చాడు. కొత్త సర్క్యులర్ ప్రకారం 'క్షుధా సూచిక' తియ్యాలట. అంటే తొట్టి పక్కన నిలబడి, చేపలు ఎన్నిసార్లు నోరు తెరిచాయో లెక్కపెట్టాలి. నోరు ఎక్కువ తెరిస్తే ఆకలి ఎక్కువ. తెరవకపోతే తృప్తి.

"అయ్యబాబోయ్, సూచిక పెరిగిపోయిందండి! అన్ని ముద్దలేసినా చాల్లేదన్నమాట!" అన్నాడు.

"ఒరే నాయనా, అది ఆకలి కాదు, ఆయాసం! నిన్నటి మేత కుళ్ళి నీళ్ళు పాడయ్యేయి," అన్నారు మా ఆయన.

"సర్క్యులర్లో ఆయాసానికి గడి లేదండి. ఆకలికే ఉందండి."

మేత రెట్టింపు చెయ్యమని పైనుంచి ఆదేశం వచ్చింది. వేసినట్టు రుజువు కావాలి కాబట్టి అధికారి సమక్షంలో వెయ్యాలి. అధికారి వచ్చాక ఆయన కూడా ఒకటి వెయ్యాలి. మేత పెరిగినకొద్దీ ఆయాసం, ఆయాసం పెరిగినకొద్దీ సూచిక, సూచిక పెరిగినకొద్దీ ముద్దలు. ఆ వారంలోనే మండపేట వెల్లకిలా తేలింది. దాని పొట్ట బూరెలా ఉబ్బిపోయి ఉంది.

విచారణకి వచ్చిన కుక్కుటేశ్వరరావు దాన్ని చూసి, "పోషకాహార లోపం," అని రాసుకున్నాడు.

"పొట్ట ఇంతుంటే లోపవేంటయ్యా?" అన్నాను.

"అదేనండి, లోపం వల్లొచ్చిన ఉబ్బండి."

మా ఆయన మండపేటని కరివేపాకు కుండీలో పాతిపెట్టి, మర్నాడు పొద్దున్న కేకలు వేస్తూ రామచంద్రపురం దాకా వచ్చి ఆగిపోయారు. ఆ తర్వాతి స్టాపు పేరు నోట రాలేదు. దాన్ని దాటేసి, "ఆలమూరు," అన్నారు నెమ్మదిగా.

మండపేట చావు ఆఫీసుకి పెద్ద దెబ్బ. దాని దరిమిలా 'మత్స్య పోషణ వారోత్సవాలు' ప్రకటించారు. ఎక్కడ చావు జరిగిందో అక్కడే ప్రారంభించాలని మా మేడ ఎంపిక చేశారు. వీధిలో మేళం పెట్టారు. పొదుపు సంఘాలవాళ్ళొచ్చారు, బ్యాంకు మేనేజరొచ్చాడు, యోగా మాస్టారొచ్చారు. తలా ఒక ముద్ద. ఒకావిడ ఇంట్లోంచి అరిసె తెచ్చి తుంపి వేసింది. 'పాపం, మూగజీవాలు, మనకి పుణ్యం' అని చెంపలేసుకుని మరీ వెళ్ళింది. నేను అడ్డం నిలబడ్డాను.

"మీరిలా అభ్యంతరపెడితే రూల్సు ఒప్పుకోవండి," అన్నాడు కుక్కుటేశ్వరరావు, నాకే జాలి కలిగేంత మర్యాదగా. "మేత నిరాకరణ కింద కేసు రాసి, చేపల్ని పునరావాస కేంద్రానికి తరలించేత్తారండి."

"అక్కడేం చేత్తారు?"

"మూడుపూటలా మేతేత్తారండి."

నేను అడ్డం తప్పుకున్నాను. ఆ వారోత్సవాలు ముగిసేసరికి ఆలమూరు కూడా పోయింది. ఆ మర్నాడు నేను కింద కూరలు తరుగుతూ ఎంతసేపు చెవులు రిక్కించినా మేడమీదనుంచి కేక వినపడలేదు. వీధిలోకి వచ్చి చూస్తే, ఆయన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని బస్సుల్ని చూస్తున్నారు.

"చేపలకి మేతెయ్యలేదేంటండీ?" అన్నాను.

"ఎయ్యడానికి చాలామంది ఉన్నారు కదే," అన్నారు. అంతే. కాఫీ అడగలేదు. ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది.

నాకు భయం వేసింది. ఉన్నమాట చెప్తున్నాను, మండపేట పోయినప్పుడు జాలి వేసిందిగాని, ఆ కుర్చీని చూస్తే భయం వేసింది. తక్కిన చేపలు కూడా పోతే ఈసారి ఆ గొంతు మళ్ళీ రాదు. దాంతోపాటు కోపం కూడా వచ్చింది. జీవితమంతా పెట్టిన చెయ్యి నాది. పెట్టి పెట్టి చంపడం చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు.

మా మేడమీద నీళ్ళ ట్యాంకు వెనకాల ఒక పాత సిమెంటు గాబు ఉంది. కొట్టు గిన్నెలు అందులో నానబెట్టి తోముకునేవాళ్ళం. ఆ మధ్యాహ్నం కొట్టు మూసేసి, ఆయన్ని కుర్చీలోంచి రెక్క పట్టుకుని లేపాను.

"రండి. బండి మారాలి," అన్నాను.

"ఏ బండి?"

"మీ ప్యాసింజర్లని ఇంకో బండెక్కించాలి. లేవండి ముందు!"

గాబు సబ్బు తగలకుండా రుద్ది కడిగాం. బిందెల్లో ఉంచిన నీళ్ళు నింపాం. ట్రేలో గులకరాళ్ళు సగం తీసి, కడక్కుండానే, చిల్లులున్న తట్టలో పోసి గాబుమీద పెట్టి మోటారు అక్కడికి మార్చాం. నీళ్ళు తట్టలోంచి జారి గాబులో పడుతుంటే గాలికి లోటు ఉండదని ఆయనే చెప్పారు. ఒక్కొక్క చేపనీ తడిగుడ్డ కప్పిన బకెట్టులో తీసుకెళ్ళి వదిలాం. రావులపాలెం మాత్రం దొరక్క చాలా ఏడిపించింది. చివరికి ఆయనకి విసుగొచ్చి, "రావులపాలెం! దిగాలా వద్దా?" అని కసిరారు. ఆ గొంతు వింటే నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

నీలం తొట్టి అక్కడే ఉంచేశాం. ముద్దలు కుళ్ళి నీళ్ళు పచ్చగా, చిక్కగా, గోంగూర పప్పులా ఉన్నాయి. చెయ్యి పెడితే వేళ్ళు కనపడవు. బుడగల మిషను మాత్రం తీసెయ్యలేదు. అది లోపల గుడగుడమంటుంటే, పైన నీళ్ళు బాగానే కదులుతున్నాయి. ట్రేలో తోటకూరకి నేనే చెంబుతో నీళ్ళు పోశాను.

మర్నాడు కుక్కుటేశ్వరరావు వచ్చి, తొట్టి పక్కన చాలాసేపు నిలబడ్డాడు. నిలబడేకొద్దీ మొహం విచ్చుకుంది.

"ఒక్క నోరు కూడా తెరుచుకోలేదండీ!" అన్నాడు. "క్షుధా సూచిక సున్నా! నా సర్వీసులో ఇదే మొదటిసారండి!"

"తృప్తిగా ఉన్నాయి బాబూ," అన్నాను.

ఒక ముద్ద వేశాడు. బుడుంగున మునిగింది. "చూసేరాండీ, పైకొచ్చి కక్కుర్తి పడకుండా లోపలే ఎంత మర్యాదగా తింటన్నాయో! చేపలంటే ఇలా ఉండాలండి!"

అప్పటినుంచి మా తొట్టికి రోజులు మారాయి. తేలిన చేప లేదు, తెరిచిన నోరు లేదు. ఊళ్ళో తక్కిన మేడలమీద చేపలు పిట్టల్లా రాలిపోతుంటే, మా తొట్టిలో చావు అన్న మాటే లేదు. పక్క వార్డులవాళ్ళు చూసిపోవడానికి వచ్చేవారు. ఒక పెద్దాయన పచ్చటి నీళ్ళలోకి తేరిపార చూసి, "అదిగో, అది ఆడదనుకుంటానండి," అన్నాడు. అందరూ అవునన్నారు. కుక్కుటేశ్వరరావు దాని చురుకుదనం గురించి రెండు ముక్కలు కూడా చెప్పాడు. గాబు దగ్గర మాత్రం, ఎవరూ లేనప్పుడు, చిటికెడు మేతా, గొంతు తగ్గించిన కేకలూ సాగుతుండేవి. గొంతు తగ్గించి కేకెయ్యడం ఎంత కష్టమో మా ఆయన్ని అడగాలి. తుమ్ము ఆపుకున్నవాడిలా ఉండేవారు.

ఇక సత్కారం రాక తప్పుతుందా! 'ఉత్తమ మత్స్య సంరక్షకుడు' బిరుదు మా ఆయనకే ఇచ్చారు. తొట్టి ఫోటోలో పడాలి కాబట్టి సభ మా మేడమీదే పెట్టారు. అదీ శనివారమే. దివాకరంగారు మా ఆయనకి శాలువా కప్పి, "ఆకలి లేని తొట్టి, మరణం లేని తొట్టి! ఇది కదా మనం కన్న కల!" అన్నారు. చప్పట్లు కొడుతుండగా ఆయన ఫోను మోగింది. మాట్లాడటానికి జనంలోంచి తప్పుకుని, నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళారు.

గాబు ఉన్నది అక్కడే! మా ఆయన శాలువాతోనే ఆయన వెనకాల పరిగెత్తారు. ఆ వెనక నేను. మేం వెళ్ళేసరికి దివాకరంగారు ఫోను చెవి దగ్గరే మర్చిపోయి, గాబులోకి చూస్తున్నారు.

"ఇదేమిటమ్మా?" అన్నారు.

"గిన్నెలు నానబెట్టుకునే గాబండి," అన్నాను.

"గిన్నెలు ఈదుతున్నాయే!"

నీడ పడింది కదా, రావులపాలెం పైకొచ్చి నోరు తెరిచింది. దాచిపెట్టిన దూడ తనే అంబా అని అరిచి దొంగని పట్టించినట్టు! ఆయన చెయ్యి అలవాటుగా జేబులోకి పోయి ముద్ద తీసింది. మా ఆయన చటుక్కున ఆ చెయ్యి పట్టుకున్నారు. ప్రాజెక్టు డైరెక్టరు చెయ్యి!

"వద్దండీ," అన్నారు. "ఇయ్యాల శనివారం. రేపొచ్చి కేసెట్టుకోండి, తీసుకుపోండి, మీ ఇష్టం. ఇయ్యాల మాత్రం ఎయ్యకండి."

పట్టు మాత్రం వదల్లేదు. నేను కళ్ళు మూసుకుని వెంకన్నబాబుకి మొక్కేసుకున్నాను. ఎంతకీ అరుపు వినపడకపోతే కళ్ళు తెరిచాను. దివాకరంగారు ముద్ద మళ్ళీ జేబులో పెట్టేసుకుని, ఫోటోగ్రాఫరు ఎక్కడున్నాడో ఒకసారి చూసుకున్నారు. తర్వాత గొంతు బాగా తగ్గించారు.

"మా క్వార్టర్సు మేడమీద కూడా ఒక తొట్టి ఉందండి. మా ఆవిడ ముచ్చటపడి పెట్టుకుంది. ఒక్కటీ బతకట్లేదు. పొద్దున్న లేస్తే ఆఫీసు ఆఫీసంతా మా మేడెక్కుతోంది. డైరెక్టరుగారి చేపకి ముద్ద వెయ్యని ఉద్యోగి ఎవడుంటాడు చెప్పండి? మా ఆవిడ ఏడుస్తోంది."

"వద్దని చెప్పచ్చు కదండీ?" అన్నాను.

"ఎలా చెప్పను? సర్క్యులర్ ఉందే!"

"అది తవరిచ్చిందే కదండీ!"

"నాదే. అందుకే ఆపలేను," అన్నారు దిగులుగా. రావులపాలెం వైపు కాసేపు చూశారు. పొలుసులు నిగనిగలాడుతూ, తోక ఆడించుకుంటూ హాయిగా తిరుగుతోంది. "అది సరే గాని, ఇలాంటి గాబు ఎక్కడ దొరుకుతుందమ్మా?"

నేను కుమ్మరివీధి పక్కన సిమెంటు వరలు పోసేవాళ్ళ దగ్గర పురమాయించుకోమన్నాను. ఆయన తలూపి, సభలోకి తిరిగి వెళ్ళి, మా తొట్టి నీళ్ళలాగే ప్రతి తొట్టి నీళ్ళూ పచ్చగా ఉండాలని సందేశమిచ్చారు.

నెల తిరక్కుండా కొత్త సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట ప్రతి ఇంటికీ రెండు తొట్లు. మొదటిది 'తనిఖీ తొట్టి'. అధికారులు, అతిథులు, ప్రముఖులు అందులోనే మేత వెయ్యాలి. రెండోది 'పెంపక తొట్టి'. దాని జోలికి ఎవరూ పోకూడదు. ఆ కాగితం చదివి నేను నోరు నొక్కుకున్నాను. ప్రభుత్వానికి కూడా బుద్ధి వస్తుందని ఎవరనుకున్నారు! ఆ పూట కొట్లో వచ్చినవాళ్ళందరికీ గుత్తివంకాయ ఒకటి ఎక్కువేశాను. మా ఆయన శాలువా పరిచి కూర్చుని, గాబు దగ్గర పైగొంతుతో కేకలు పెట్టుకున్నారు.

ఆ తర్వాతి శనివారమే కుక్కుటేశ్వరరావు మేడ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో బకెట్టు ఉంది.

"తనిఖీ తొట్టి అటు బాబూ," అన్నాను.

"అది చూసేత్తానండి. ముందు పెంపక తొట్టి చూపించండి."

"దానికి తనిఖీ లేదని మీరే రాసేరు కదయ్యా!"

"అవునండి, లేదండి," అన్నాడు అమాయకంగా. "లేనిది లేనట్టుగానే ఉందో లేదో తనిఖీ చెయ్యాలి కదండీ! రోజూ వచ్చి చూసుకోమన్నారండి. చూసేక ఊరికే పోకూడదు కాబట్టి, ఒక్క ముద్ద."

నా ఒళ్ళు మండిపోయింది. చేతిలో గరిటె ఉంది. ఏం చేసి ఉండేదాన్నో నాకే తెలీదు. ఈలోపల మా ఆయన ట్యాంకు పక్కనుంచి వచ్చి, ఆ సందుకి అడ్డంగా, బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడినట్టు నిలబడ్డారు. ఒక చెయ్యి ట్యాంకు పైపుమీద వేశారు. గుండెల నిండా ఊపిరి తీసుకున్నారు.

"బండి ఫుల్లండీ! స్టాండింగు కూడా లేదండీ! వెనకాల బండి ఖాళీగా ఉంది, అదెక్కండి! జరగండి, జరగండి!"

ఆ కేకకి కింద వీధిలో ఆటో ఆగిపోయింది. కుక్కుటేశ్వరరావు రెండడుగులు వెనక్కి వేసేశాడు. వాడి తప్పు కాదు. మా జిల్లాలో సర్క్యులర్‌కి ఎదురు చెప్పినవాళ్ళున్నారేమోగాని, కండక్టరు జరగమంటే జరగనివాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"ఆయ్, అలాగేనండి," అన్నాడు. బకెట్టు పట్టుకుని నీలం తొట్టి దగ్గరికి వెళ్ళి, ఒక ముద్ద వేసి, అది మునిగేదాకా చూసి, సూచిక సున్నా అని రాసుకుని దిగిపోయాడు.

మా ఆయన నా వైపు తిరిగారు. మొహం ఎర్రగా, పెళ్ళినాటిలా ఉంది.

"ఒసేయ్ మంగా, కాఫీ ఏదే?" అని అరిచారు.